లారీకీ లారీకీ నడుమ

మిర్యాలగూడ సాగర్ రోడ్డు మీద, ఖాజా అన్న దుకాణంల
అద్దాల బల్ల మీద మూడు పలకలు పెట్టిండు.
ఒకటి పది ఇంచులు, ఒకటి ఎనిమిది,
ఇంకోటి ఆరంటే ఆరు, బక్కగ, నల్లగ,
ఎవరూ అడగక మూలకు వడ్డది.

పెద్దదాంట్ల క్రికెట్ పెట్టి చూపిచ్చిండు.
బంతి గాల్లకు లేస్తే దాని కుట్లు గూడ కనబడ్డయి.
"రంగు చూడు సైదమ్మా, రంగు!"
నాకు రంగుతోని ఏం పని అన్నా,
అనుకుంట సంచిలకెళ్లి పెన్‌డ్రైవ్ తీసిన.
ఇండ్ల ఓపెన్ డిగ్రీ అకౌంట్ల పుస్తకం ఉంది,
నాలుగు వందల పన్నెండు పేజీలు.
ఇది తెరువు.

ఎవరో ఫోన్‌తోని ఫొటోలు కొట్టి కుట్టిన పుస్తకం.
కొన్ని పేజీలు వంకర, కొన్నిటి మీద ట్యూబ్‌లైటు మరక.
ఎనభై ఏడో పేజీ అంచున ఒక బొటనవేలు,
గోరు కొసకు ఇంత మిగిలిన ఎర్రటి గోరింటాకు,
పుస్తకం మూసుకోకుండ అదిమి పట్టింది.

నేను రైసు మిల్లుల కాంటా కాడ కూసునే మనిషిని.
నిండు లారీ ఎంత, ఖాళీ లారీ ఎంత,
తీసేస్తే వడ్లెన్ని,
పదకొండేండ్ల సంది ఇదే లెక్క.
చెయ్యి ఊకోదు, మూడింటినీ అరచేతుల పెట్టి తూచిన.
"బంగారమా, తూసి కొననీకె?" అన్నడు ఖాజా అన్న.
పండుకొని చదివెటోళ్లను అడుగు అన్నా,
నిద్రల ముక్కు మీద వడితే
బంగారమైనా నొస్తది.

ఎనిమిది ఇంచులదాంట్ల నా నోట్సు తెరిస్తే
ఒత్తులన్నీ అక్షరాలను ఇడిసిపెట్టి
జాతరల తప్పిపోయిన పిల్లల్లెక్క పక్కకు నిలవడ్డయి.
దాన్ని మాట్లాడకుండ వెనక్కి జరిపిన.

జర ఎండల చూడనిస్తవా?

దుకాణం మెట్ల మీద, ఏప్రిల్ పన్నెండు గంటల ఎండ.
పెద్దది అద్దమైంది:
నా మొకం, నా ఎనక కరెంటు తీగెలు, తీగె మీద కాకి.
డెబిట్ లేదు, క్రెడిట్ లేదు.
చిన్నది మాత్రం ఎండ ముదిరినకొద్దీ
అచ్చు గుద్దినట్టు నల్లవడ్డది.
కానీ పేజీ మొత్తం పెడితే చీమల బారు.
పెద్దగ చేద్దామంటే, ముసలాయన కండ్లు మూసి తెరిచినట్టు
ఒకసారి చీకటై, ఆలోచించి, అప్పుడు వస్తది.
అడ్డంగ తిప్పితే అక్షరం ఆనుతుంది,
సగం పేజీయే.

"సగం పేజీకి తొమ్మిది వేలా? పిచ్చా నీకు?"

చిట్టీ లేపిన పైసలు చీర కొంగున ఉన్నయి.
నేను వేరే లెక్క చేస్తున్న.
యాసంగి వడ్లు దిగేటప్పుడు
ఒక లారీ కాంటా దిగి ఇంకో లారీ ఎక్కేదాంక
నాలుగు నిమిషాలు. ఒక్కోసారి మూడు.
నిండు పేజీ నాకెవరిచ్చిండ్రు ఎప్పుడన్నా?

ఇప్పుడది కిటికీ కాడ, రసీదు బుక్కు పక్కన.
మీది సగంల ఎడమకు అప్పు, కుడికి జమ.
మొత్తం మాత్రం కింది సగంల ఉంటది.
అది చూద్దామనుకునేసరికి
వేములపల్లి దిక్కు నుంచి లారీ వస్తది,
డ్రైవర్ తరుగు గురించి కొట్లాడుతడు,
హమాలీలు నీళ్లడుగుతరు.
నేను తిరిగొచ్చేదాంక
ఆ పలక ఆరిపోదు, మెరవది,
యాడ ఇడిసిన్నో ఆడ్నే నా కోసం కూసుంటది.

నిన్న ఎనభై ఏడో పేజీకి వచ్చిన.
వేలు ఉంది.
గోరింటాకు బూడిద రంగుల ఉంది.
ఖాజా అన్న చెప్పిన రంగు
నాకు పనివడ్డది గిదొక్క కాడ్నే.

ఏ ఊరి పిల్లో, పాసైందో లేదో,
ఎవరి దగ్గరనో ఒక్క రాత్రికి అడుక్కొచ్చిన పుస్తకమో.
ఆ వేలి పక్కన నా బొటనవేలు ఆనిచ్చిన.
బయట లారీ హారన్ కొట్టింది.
జర ఆగుమని
రెండో చెయ్యి కిటికీల నుంచి చూపిచ్చిన.